చేపల ట్యాంకు నీళ్ళు పాలకూర మడిలోకి

నర్సీపట్నంలో అక్వేరియం ఉన్న ఇళ్ళలో నన్ను చేపల నూకరాజు అనేవారు. మాది సముద్రం ఒడ్డు ఊరు. మా నాన్న వేటకి వెళ్ళేవాడు. మా అమ్మ గంపలో చేపలు పెట్టుకుని ఊళ్ళమ్మట తిరిగి అమ్మేది. నేను గాజు ట్యాంకులు కడిగి, చేపలకి జబ్బు చేస్తే మందు వేసే పనిలో చేరానని చెప్పిన రోజున ఆవిడ గంప కింద దించి నన్ను ఎగాదిగా చూసింది.

"సేపకి మందేటిరా? సేపని బతికించమని నిన్ను ఇంటికి పిలుత్తారేటి?" అని చాలాసేపు నవ్వింది.

మోకాళ్ళు సహకరించక ఈమధ్యే ఆ పని మానేశాను. ఇప్పుడు ఊళ్ళో ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళు ఈ పనిలోకి వచ్చారు. ఏ ఫిల్టరు మంచిది, ఏ చేపని ఏ చేపతో కలిపి పెట్టొచ్చు అని అప్పుడప్పుడు ఫోన్ చేసి అడుగుతుంటారు. ట్యాంకులోంచి తీసేసిన నీళ్ళు ఎక్కడ పొయ్యాలని మాత్రం ఎవరూ అడగరు. నా మొత్తం పనిలో నాకు నిద్ర లేకుండా చేసింది ఆ నీళ్ళే. అందుకే ఇది రాస్తున్నాను.

అసలు పని నీళ్ళతోనే

చేపలు చూసుకునే పని అని అందరూ అనుకుంటారు. చేపలు వాటి పని అవి చూసుకుంటాయి. మన పని నీళ్ళు. ఫిల్టరు మురికిని పట్టి ఉంచుతుందే తప్ప మాయం చెయ్యదు. వారం వారం వెళ్ళి మూడో వంతు నీళ్ళు తియ్యాలి, ఫిల్టరులో స్పాంజి ఆ తీసిన నీళ్ళలోనే పిండాలి, కొత్త నీళ్ళు నింపాలి. పిండాక బకెట్లో నీళ్ళు పలచటి టీలా ఉంటాయి. వాసన చెరువు గట్టు వాసన.

వేసవిలో కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్ళో ఆ నీళ్ళు కాలవలో కుమ్మరిస్తుంటే ఇంటివాళ్ళ ముఖాలు చూడలేకపోయేవాణ్ణి. ఒకావిడ ఒకసారి బకెట్ నా చేతిలోంచి లాక్కుని బంతి మొక్కలకి పోసింది. రెండు వారాల తర్వాత వెళ్తే ఆ మొక్కలు గుర్తుపట్టలేనంత గుబురుగా ఉన్నాయి. చేపల మలం, మిగిలిపోయిన మేత నీళ్ళలో మాగి మొక్కకి ఎరువవుతాయి. ఇది నేను పుస్తకంలో చదవలేదు, ఆ పెరట్లో చూశాను. అప్పటినుంచి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ, "ఈ నీళ్ళు పారబొయ్యకండి, మొక్కలకి పొయ్యండి" అని చెప్పడం మొదలుపెట్టాను. ఆ మాట ఇప్పటికీ తప్పు కాదు. కానీ నేను సగం మాటే చెప్పాను.

మూర్తి గారి అట్టముక్క

పని నేర్చుకున్నది విశాఖపట్నంలో, మూర్తి గారి షాపులో. ఆయన కోపిష్ఠి. వచ్చినవాళ్ళ ముందే తిట్టేవారు. బాగా చేశావని ఒక్కసారి అన్న గుర్తు లేదు. ఆయనకొక పట్టుదల ఉండేది. ఏ ట్యాంకులో మందు వేసినా ఒక అట్టముక్క మీద మందు పేరు, ఎన్ని చుక్కలు, ఏ రోజు అని రాసి దారంతో ట్యాంకుకి కట్టాలి. పొద్దున్నే వెళ్తే టీ తాగావా అని అడగరు, "రాసి కట్టావా?" అని అడిగేవారు.

అది చాదస్తం అనుకున్నాను. నర్సీపట్నం వచ్చి సొంతంగా తిరగడం మొదలుపెట్టాక ఆ అట్టముక్కల అలవాటు వదిలేశాను. ఏ ఇంట్లో ఏ మందు వేశానో నా బుర్రలోనే ఉంది, ఇక అట్టెందుకు అనుకున్నాను. పైగా ఆయన షాపు నీళ్ళన్నీ రోడ్డు కాలవలోకే పోయేవి, నేనైతే వాటితో మొక్కలు పెంచుతున్నాను, గురువుని మించిపోయానని లోలోపల గర్వం.

మాకవరపాలెంలో ఒకాయన ట్యాంకులో చేపల రెక్కలు కుళ్ళుతుంటే ఉప్పు వేశాను. ఆయన అలవాటుగా ఆ నీళ్ళు మల్లెపొదకి పోశారు. పొద పసుపెక్కి చచ్చిపోయింది. "నువ్వే కదయ్యా పొయ్యమన్నావు" అన్నారాయన. కొత్త అంటు తెచ్చి పాతి, ఆ సంగతి మర్చిపోయాను. మొక్కే కదా అనుకున్నాను. అప్పుడే భయపడి ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదు.

వసుంధర గారి పెరడు

వసుంధర గారు కోర్టులో క్లర్కు. ఆవిడ ముందుగదిలో నాలుగడుగుల ట్యాంకు, దాన్నిండా గోల్డ్ ఫిష్‌లు. "రోజంతా కోర్టులో అరుపులు వింటాను నూకరాజూ. ఇంటికొచ్చాక నోరు తెరిచినా చప్పుడు రానివాటిని చూస్తూ కూర్చోవాలి" అనేవారు.

ఆవిడకి నడుం నొప్పి, బకెట్ మొయ్యలేరు. ఆవిడ కోసం ఒక ఏర్పాటు చేశాను. ట్యాంకు పక్కన ఫిల్టరు పెట్టెకి అడుగున చిన్న కుళాయి బిగించి, అక్కణ్ణించి గోడలో కన్నం చేసి గొట్టం పెరట్లోకి వేశాను. పెరడు పల్లంలో ఉంటుంది కాబట్టి మోటారు కూడా అక్కర్లేదు. పొద్దున్నే ఆవిడ కుళాయి తిప్పితే బకెట్టెడు ఫిల్టరు నీళ్ళు నేరుగా పాలకూర, తోటకూర మళ్ళలోకి వెళ్తాయి. కుళాయి కట్టేసి, ముందురోజు ట్యాంకు పక్కనే పట్టి నిలవుంచిన మంచినీళ్ళు చెంబుతో ట్యాంకులో నింపితే సరి. అంత సుఖంగా నడిచిన ఏర్పాటు నేను ఇంకెక్కడా చెయ్యలేదు. వేరేవాళ్ళని తీసుకెళ్ళి మరీ చూపించేవాణ్ణి.

ఆకుకూర ఇంటి అవసరానికి మించి రావడం మొదలైంది. వసుంధర గారు వీధి చివరున్న అంగన్‌వాడీకి ప్రతి మంగళవారం ఒక సంచి నిండా పాలకూర పంపేవారు. అక్కడ కార్యకర్త రమణమ్మ దాన్ని పప్పులో వేసి పిల్లలకి పెట్టేది. మూడేళ్ళు, నాలుగేళ్ళ పిల్లలు ఓ పదిహేనుమంది. ఒకసారి నేను దారిన పోతుంటే రమణమ్మ పిలిచి, "నీ సేపల్నీళ్ళ కూరకి పిల్లలు కంచాలు నాకీసారు బాబూ" అంది. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

బొగ్గు సంచి

ఒక శనివారం వసుంధర గారు ఫోన్ చేశారు. చేపల ఒంటి నిండా తెల్ల మచ్చలు, అవి రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకుంటున్నాయి. ఆవిడ కోర్టులో ఉన్నారు. పక్కింట్లో తాళం తీసుకుని వెళ్ళాను. ఆ జబ్బుకి మేం పచ్చమందు అనేది వాడతాం. చుక్క పడితే వేళ్ళు వారం దాకా పచ్చగా ఉంటాయి. అలంకారానికి పెంచే చేపలకి మాత్రమే వాడాలి, తినే చేపలకి వాడకూడదు అని సీసా మీదే ఉంటుంది. ఒంట్లోకి పోతే మంచిది కాని రంగుమందు అది.

ఆ మందు వేసేటప్పుడు ఫిల్టరులో ఉండే బొగ్గు సంచి బయటికి తీసెయ్యాలి, లేకపోతే బొగ్గు మందుని పీల్చేసుకుంటుంది. తీశాను. నాతవరంలో ఇంకొకరి ట్యాంకు కారుతోందని అప్పటికే రెండు ఫోన్లు వచ్చాయి. చుక్కలు లెక్కపెట్టి వేసి, సంచీ సర్దుకుని, తాళం ఇచ్చేసి బండెక్కాను. దారిలో ఆగి వసుంధర గారికి ఫోన్ చేసి, "మందేశానండీ, నాలుగు రోజుల్లో తగ్గిపోద్ది" అని చెప్పాను. పెరటి కుళాయి తిప్పొద్దు అని చెప్పలేదు. నాకు ఆ కుళాయి సంగతే తట్టలేదు.

మంగళవారం పదకొండు గంటలకి గొలుగొండలో ఒకరింట్లో ఉన్నాను. సంచిలో చెయ్యి పెట్టి కత్తెర కోసం వెతుకుతుంటే తడి తడిగా ఏదో తగిలింది. బయటికి తీస్తే వసుంధర గారి ట్యాంకులోంచి తీసిన బొగ్గు సంచి. ఇది నా దగ్గరెందుకుంది అనుకున్నాను. ఆ తర్వాత ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇది బయట ఉందంటే మందు నీళ్ళలో ఉంది. నీళ్ళు ఫిల్టరులో ఉన్నాయి. ఫిల్టరుకి కుళాయి ఉంది. ఆదివారం, సోమవారం, ఇవాళ, మూడు పొద్దులు ఆవిడ కుళాయి తిప్పి ఉంటారు. ఇవాళ మంగళవారం.

 వసుంధర గారికి ఫోన్ చేస్తే స్విచాఫ్. కోర్టు హాల్లో ఉంటే ఆవిడ ఫోన్ కట్టేస్తారు. రమణమ్మ నంబరు నా దగ్గర లేదు. ఆ ఇంటివాళ్ళకి ఏం చెప్పానో గుర్తు లేదు, బండి మాత్రం తీశాను.

చెరకు ట్రాక్టర్లు రోడ్డుకి అడ్డంగా పోతున్నాయి. హారన్ కొడుతూనే ఉన్నాను. అంగన్‌వాడీలో పన్నెండుకి అన్నం పెడతారు. దారిలో ఒక అబద్ధం కూడా అల్లుకున్నాను. పక్కింటివాళ్ళు పురుగుమందు కొట్టారట, ఆ తుంపర ఆకుకూర మీద పడిందట అని చెప్తే సరిపోతుంది. పప్పు పారబోస్తారు, నా పేరు రాదు. బలిఘట్టం దాటేదాకా ఆ అబద్ధమే చెప్పాలనుకున్నాను. అప్పుడు ఒక భయం పట్టుకుంది. ఏ పిల్లైనా అప్పటికే తిని ఉంటే డాక్టరు ఏ మందుకి వైద్యం చేస్తాడు? పురుగుమందుకా? పచ్చమందుకా? నా పరువు కాపాడుకోబోయి పిల్లలకి తప్పుడు వైద్యం చేయిస్తానేమో అనిపించింది. అక్కడితో ఆ అబద్ధం వదిలేశాను.

"ఇప్పుడొచ్చి సెప్తావేటి?"

వెళ్ళేసరికి పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. కంచాల్లో పచ్చటి పప్పు. నలుగురు అప్పటికే తినడం మొదలుపెట్టారు. గుమ్మంలోంచే, "తినకండి! కంచాలు తియ్యండి!" అని అరిచాను. ఇద్దరు పిల్లలు బావురుమన్నారు.

రమణమ్మ గరిటె పట్టుకునే ముందుకొచ్చింది. "ఏటైంది నూకరాజూ? పిల్లలు జడుసుకుంతన్నారు."

"ఆ పాలకూర మడిలోకి మందు నీళ్ళెళ్ళాయమ్మా. సేపలకేసిన మందు. నేనే ఏశాను. కుళాయి కట్టమని సెప్పలేదు."

 ఆవిడ నలుగురి చేతుల్లోంచీ కంచాలు లాగేసింది. నోట్లో ఉన్నది ఉమ్మించింది. "ఎప్పుడేసావు మందు?"

"శనివారం."

"శనివారం ఏసి, పిల్లల నోట్లోకి ముద్దెల్లినాక ఇప్పుడొచ్చి సెప్తావేటి? సెప్పు! మూడ్రోజులు నీ నోరేటైంది?"

 అక్కడి ఆయా పప్పు గిన్నె పక్కన పెట్టేసింది, మిగతా పిల్లలకి గుడ్లూ అన్నం పెట్టింది. రమణమ్మ, నేను ఆ నలుగుర్నీ రెండు ఆటోల్లో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అందులో దేవి అనే పిల్ల అందరికంటే ఎక్కువ తిన్నది. గబగబా తినే అలవాటట. ఆటోలో నా ఒళ్ళో కూర్చుని, "నా గుడ్డు అక్కడుండిపోయింది" అని ఏడ్చింది.

డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. సీసా అడిగింది, ఇచ్చాను. ఎన్ని చుక్కలు, ట్యాంకులో ఎన్ని నీళ్ళు, మడిలోకి ఎంత వెళ్ళింది, ఎన్ని రోజులైంది అని ఒక్కొక్కటే అడిగి కాగితం మీద రాసుకుంది. చుక్కల సంగతి బుర్రలో ఉంది అనుకునేవాణ్ణి. అప్పుడు అడిగితే ఇరవయ్యా, ఇరవై అయిదా అన్నది ఖచ్చితంగా చెప్పలేకపోయాను. మూర్తి గారి అట్టముక్క ఉంటే చెప్పేవాణ్ణి.

"చాలా పలచనైపోయి ఉంటుంది. మట్టిలో కొంత, ఎండకి కొంత పోయి ఉంటుంది. ఈ ముద్దలో ఉన్నది చాలా తక్కువ. ఏమీ కాకపోవచ్చు" అంది.

"కాకపోవచ్చా? కాదని చెప్పలేరాండీ?" అన్నాను.

"మీరే చుక్కలు చెప్పలేకపోతున్నారు. నేనెలా చెప్పను?" అంది. కసురుకోలేదు, ఉన్నమాట అంది. వాంతులు, విరేచనాలు, ఒళ్ళు రంగు మారడం ఏది కనిపించినా వెంటనే తెమ్మని చెప్పి సాయంత్రం దాకా ఉంచుకుని పంపేసింది.

పది రోజులు

ఆ సాయంత్రం వసుంధర గారింటికి వెళ్ళి చెప్పాను. ఆవిడ కేకలేస్తే బావుండునని అనిపించింది. వెయ్యలేదు. కుర్చీలో కూలబడి తన చేతులు చూసుకున్నారు. "ఇవాళ నా చేత్తోనే కోసి పంపాను" అన్నారు. కాసేపటికి లేచి వెళ్ళి వంటింట్లోంచి కత్తి తెచ్చి, గొట్టాన్ని గోడ దగ్గర కోసేశారు. ఆ తర్వాత నావైపు తిరక్కుండానే, "మళ్ళీ నువ్వు రా. కానీ కొన్నాళ్ళు నాతో మాట్లాడకు" అన్నారు.

మర్నాడు రెండు మళ్ళలో మొక్కలన్నీ పీకాను. జానెడు లోతు మట్టి తీసి గోనెసంచుల్లో నింపాను. ఆ మట్టి ఎక్కడ వెయ్యాలో కూడా తెలియలేదు. చివరికి ముందు గోడవారన, ఎవరూ తినని క్రోటన్ మొక్కల కింద వేశాను.

రోజూ పొద్దున్నే అంగన్‌వాడీ గుమ్మం దగ్గర నిలబడి నాలుగు తలలు లెక్కపెట్టేవాణ్ణి. నలుగురూ కనిపిస్తేనే పనికి వెళ్ళేవాణ్ణి. మూడో రోజు మూడే తలలు కనిపించాయి. దేవి రాలేదు.

వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. నడుస్తున్నానో పరిగెడుతున్నానో తెలియదు. దేవి తల్లి గుమ్మంలో గిన్నెలు తోముతోంది.

"దేవి ఏదమ్మా?"

"జొరం బాబూ. రాత్రినుంచీ ఒల్లు కాలిపోతంది."

 లోపలికి చూశాను. చాప మీద దేవి, పక్కనే వాళ్ళ అన్న, ఇద్దరికీ దుప్పట్లు. తల్లి నా ముఖం చూసి గ్రహించింది. "పిల్లడికి ఆదోరం నుంచే జొరం. ఆడికి తగిలే దీనికొచ్చింది. ఆడు మీ పప్పు తిన్లేదులే" అంది. అదీ నా మీద జాలితో అనలేదు, విసుగ్గానే అంది. అయినా ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించే దాకా నేను కుదురుగా ఉండలేకపోయాను. ఊళ్ళో తిరుగుతున్న జ్వరమే అన్నారు. రెండ్రోజులకి తగ్గింది.

పది రోజులు గడిచాయి. నలుగురికీ ఏమీ కాలేదు. ఏమీ కాలేదని డాక్టరమ్మ కూడా మళ్ళీ చూసి చెప్పింది. నాకు మాత్రం ఆ "కాకపోవచ్చు" అన్న మాట చెవిలోంచి పోలేదు.

గొట్టం లేకుండా

కొత్తవాళ్ళు నేర్చుకోవలసింది ఇదే. ఫిల్టరు నీళ్ళు వాడుకోండి, తప్పకుండా వాడుకోండి. కానీ వాటిని గొట్టం పెట్టి తమంతట తాము వెళ్ళేలా చెయ్యకండి. మధ్యలో ఒక మనిషి ఆగి, ఈ నీళ్ళలో ఇవాళ ఏముంది అని ఆలోచించాలి. అది బరువైన పనైనా సరే, బకెట్‌తోనే మొయ్యాలి. మందు వేసిన ట్యాంకు నీళ్ళు ఏ మొక్కకీ వద్దు. ఆ నీళ్ళని బొగ్గు మీదుగా రంగు పూర్తిగా పోయేదాకా తిప్పాకే బయటికి వదలండి, అదీ చెరువులోకి, పంటకాలవలోకి కాదు. మందు వాడకం ఆగి, నీళ్ళు పలుమార్లు మార్చాక కూడా ఒక నెల ఆగండి. మందు కలవని నీళ్ళైనా మొక్క మొదట్లో పొయ్యాలి, ఆకుల మీద కాదు. కొత్తిమీరలాగా పచ్చిగా తినేవాటికి అసలే వద్దు. ఏం వేశారో రాసి కట్టండి. ఇంటివాళ్ళకి నోటితో కూడా చెప్పండి, చెప్పాక వాళ్ళచేత మళ్ళీ చెప్పించుకోండి. మిమ్మల్ని చాదస్తులంటారని సిగ్గుపడకండి. నన్నూ అన్నారు.

వసుంధర గారు రెండు నెలలకి మాట్లాడారు. కొత్త మట్టి పోయించారు. మొదట మామూలు నీళ్ళతో ఒక విడత పెంచి పారేశారు. ఆ తర్వాత నేను వారం వారం వెళ్ళి బకెట్‌తో ట్యాంకు నీళ్ళు పోశాను. మళ్ళీ పాలకూర వచ్చింది, మునుపటిలాగే గుబురుగా. అంగన్‌వాడీకి పంపుదామా అని నేను అడగలేదు. ఆవిడే ఒకరోజు రమణమ్మని పిలిచి అడిగారు.

రమణమ్మ మడి ముందు నిలబడి చాలాసేపు చూసింది. ఒక ఆకు తుంచి వాసన చూసింది. "ఆ సేపల్నీళ్ళేనా?" అంది.

"ఆ నీళ్ళే" అన్నాను.

"మందు?"

"నెల్లాళ్ళు దాటింది. అట్ట సూడు, రాసుంది."

"నాకు అట్టొద్దు. నేను పట్టికెల్తాను. కానీ మంగళవారం నువ్వొచ్చి పిల్లల్తో కూకో. మొదటి ముద్ద నువ్వు తినాల. నువ్వు మింగినాకే నేను పిల్లలకి ఒడ్డిత్తాను."

ఆ మంగళవారం వెళ్ళి వరసలో కూర్చున్నాను. రమణమ్మ నాకొక్కడికే వడ్డించి ఎదురుగా నిలబడింది. ముద్ద కలిపి చేతిలోకి తీసుకున్నాను. ఆ క్షణంలో ఆ విడతలో పోసిన బకెట్లన్నీ ఒకటొకటిగా గుర్తు చేసుకున్నాను, ఏ రోజున ఏ నీళ్ళు, ఎవరు ముట్టుకున్నారు అని. ఎక్కడా తప్పు కనిపించలేదు. అయినా చెయ్యి నోటిదాకా రాలేదు.

పక్కనున్న దేవి నా మోచేతిని పొడిచింది. "బేగి తిను తాతా, మాకు ఆకలేత్తంది."

తిన్నాను. రమణమ్మ నా గొంతు కదిలేదాకా చూసి, గిన్నె ఎత్తుకుని పిల్లల వైపు తిరిగింది. పని మానేసినా మంగళవారాలు ఆ మొదటి ముద్దకి నేను ఇంకా వెళ్తున్నాను.